హింద్ సముద్ర సేనాని పీరీ రయీస్

రయీసు అనే మాట మన ఇళ్లలో వింటూనే ఉంటాము. రయీసు అంటే బాగా డబ్బున్నవాడు, మేడలు మిద్దెలు ఉన్నవాడు అని మన అర్థం. కాని టర్కీ ఓడలవాళ్ల భాషలో రయీస్ అంటే వేరు. ఓడకు పెద్ద, అనగా కెప్టెను. డబ్బున్న రయీసులను లోకం చాలామందిని చూసింది, చాలామందిని మరచిపోయింది. ఈ సంచికలో మేము పరిచయం చేయబోయేది రెండో రకం రయీస్‌ను. ఆయన చనిపోయి 470 ఏళ్లు దాటింది. ఆయన ఆస్తి అంతా సర్కారు జప్తు చేసుకుంది. అయినా పేరు మాత్రం మిగిలింది. ఎందుకు మిగిలిందో మన పిల్లలకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

గెలిబోలు కుర్రవాడు

టర్కీ దేశంలో మర్మరా సముద్రం నుంచి ఏజియన్ సముద్రంలోకి దారి ఇచ్చే ఒక సన్నని జలసంధి ఉంది. దాని ఒడ్డున ఉన్న గెలిబోలు అనే ఊరు ఉస్మానియా సుల్తానుల నౌకాదళానికి ముఖ్యమైన స్థావరం. ఉస్మానియా అనగానే మనకు హైదరాబాదులోని యూనివర్సిటీ గుర్తుకొస్తుంది. అది నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మీద వచ్చినది. ఇక్కడ మేము చెప్పేది ఇస్తాంబుల్ రాజధానిగా ఏలిన సుల్తానుల వంశాన్ని గురించి.

ఆ గెలిబోలులో 1465-1470 మధ్య పీరీ పుట్టారు. తండ్రి పేరు హాజీ మెహ్మద్. పినతండ్రి కమాల్ రయీస్ ఆ రోజుల్లో మధ్యధరా సముద్రమంతటా పేరు మోసిన నావికుడు. ఇంకా మీసాలైనా రాని వయసులోనే పీరీ ఆయన వెంట ఓడ ఎక్కారు. మదరసా గదిలో కూర్చుని చదవవలసిన భూగోళాన్ని తెడ్ల చప్పుడు మధ్య, తెరచాపల కింద చదువుకున్నారు.

ఆ తొలి రోజుల్లో వాళ్లు సుల్తాను కొలువులో లేరు. సొంతంగా ఓడలు నడుపుతూ, శత్రుదేశాల ఓడలను పట్టుకొని సరుకు లాక్కునే పని కూడా చేశారు. ఆ కాలంలో వెనీసు వాళ్లు, స్పెయిను వాళ్లు అందరూ ఇదే చేశారు. గొప్పవాని జీవితం రాస్తున్నాము గదా అని ఈ సంగతి దాచడం మాకు ఇష్టం లేదు. కాని ఆ ఓడలు మరొక పని కూడా చేశాయి. స్పెయినులో గ్రెనడా రాజ్యం కూలిపోతున్న రోజులవి. 1492లో అది పూర్తిగా పడిపోయింది. ఇల్లూ వాకిలీ పోగొట్టుకొని సముద్రపు ఒడ్డుకు చేరిన ముస్లిములను, యూదులను కమాల్ రయీస్ ఓడలు ఎక్కించుకొని ఉత్తర ఆఫ్రికా తీరానికి చేర్చాయి. ఆ ఓడల మీద పీరీ కూడా ఉన్నారు.

సుల్తాను కొలువులో

కమాల్ రయీస్ పేరు సుల్తాను రెండవ బాయజీద్ చెవిన పడింది. 1495లో ఆయనను సర్కారు నౌకాదళంలోకి పిలిపించారు. పినతండ్రితో పాటు పీరీకి కూడా ఉద్యోగం దొరికింది. 1499 నుంచి 1503 వరకు వెనీసుతో జరిగిన యుద్ధంలో పీరీ తన సొంత ఓడకు అధిపతిగా పోరాడారు. అప్పటి నుంచి ఆయన పీరీ రయీస్ అయ్యారు.

ఎంత యుద్ధంలో ఉన్నా ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఏ రేవుకు పోయినా చూసినదంతా కాగితం మీద పెట్టుకునేవారు. నీళ్లలో రాళ్లు ఎక్కడున్నాయి, లంగరు ఎక్కడ వేయవచ్చు, ఏ గాలికి ఏ రేవు పనికిరాదు, తాగే నీళ్ల బావి ఒడ్డు నుంచి ఎంత దూరం అన్నీ రాసుకునేవారు. తోటి కెప్టెన్లు కత్తికీ ఫిరంగికీ పదును పెట్టుకుంటుంటే ఈయన కలానికి కూడా పదును పెట్టుకున్నారన్నమాట.

1511 ప్రాంతంలో కమాల్ రయీస్ ఓడ తుఫానులో చిక్కి మునిగిపోయింది. పెంచి పెద్దచేసిన పినతండ్రి శవం కూడా దక్కలేదు. పీరీ గెలిబోలుకు తిరిగి వచ్చారు. దుఃఖంలో ఉన్న మనిషి ఒక్కొక్కరు ఒక్కొక్క పని చేస్తారు. ఈయన బొమ్మలు గీసే తోలు ముందు పెట్టుకొని కూర్చున్నారు.

1513 నాటి ప్రపంచ పటం

హిజ్రీ 919 ముహర్రం మాసంలో, అనగా 1513 మార్చి-ఏప్రిల్ నెలల్లో, ఆ పటం పూర్తి అయింది. దాని కింద తన పేరు, తండ్రి పేరు, తాను కమాల్ రయీస్ సోదరుని కుమారుడనన్న సంగతి, ఊరు, తేదీ అన్నీ రాశారు. ఇప్పుడు మనకు దొరికినది మొత్తం పటంలో ఒక ముక్క మాత్రమే. దాదాపు 90 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. అందులో ఐరోపా, ఆఫ్రికాల పడమటి తీరాలు, అట్లాంటిక్ సముద్రం, ఆవలి ఒడ్డున దక్షిణ అమెరికా తీరం కనిపిస్తాయి. కొలంబస్ అమెరికా చేరి అప్పటికి 21 సంవత్సరాలు మాత్రమే అయింది. ఆ కొత్త ఖండాన్ని చూపించే పటాల్లో ఈనాటికి మిగిలిన అతి పాతవాటిలో ఇది ఒకటి.

పీరీ రయీస్ అమెరికా పోలేదు. మరి ఎలా గీశారు? ఆ సంగతి ఆయనే పటం మీద రాసిపెట్టారు. దాదాపు 20 పటాలను పక్కపక్కన పెట్టుకొని, కొలతలు సరిచూసి ఒకటిగా కూర్చారట. వాటిలో గ్రీకుల కాలపు పద్ధతి పటాలు ఉన్నాయి. హింద్ దేశాన్ని చూపే అరబ్బు పటం ఒకటి ఉంది. సింధు, హింద్, చీనా దేశాలను చూపే పోర్చుగీసు పటాలు నాలుగు ఉన్నాయి. పడమటి దేశాల కోసం కొలంబస్ గీసిన పటం కూడా ఉంది. అసలు కొలంబస్ పటం ఈ లోకంలో ఎక్కడా మిగలలేదు. అందులో ఏముందో ఊహించడానికి పండితులు ఇప్పుడు పీరీ రయీస్ పటాన్నే చూస్తారు. కమాల్ రయీస్ దగ్గర బందీగా ఉన్న ఒక స్పెయిను నావికుడు తాను కొలంబస్‌తో మూడుసార్లు ఆ దేశాలకు పోయి వచ్చానని చెప్పిన సంగతి కూడా ఆయన రాశారు.

ఇందులో మనం గమనించవలసినది ఒకటుంది. స్పెయిను, పోర్చుగలు ఆయనకు శత్రుదేశాలు. అయినా వాళ్ల దగ్గర నేర్చుకోవడానికి సిగ్గుపడలేదు. నేర్చుకున్న తరువాత వాళ్ల పేరు చెప్పడానికి కూడా సిగ్గుపడలేదు. ఒకరి పనిని తన పనిగా చెప్పుకునేవాళ్లు ఎక్కువైన ఈ కాలంలో ఇది చిన్న సంగతి కాదు.

1517లో సుల్తాను సలీం ఈజిప్టును జయించినప్పుడు పీరీ రయీస్ నౌకాదళంతో అక్కడే ఉన్నారు. కైరోలో సుల్తానుకు ఈ పటాన్ని సమర్పించారు. సుల్తాను పుచ్చుకున్నారు. పటం రాజభవనానికి చేరింది. ఆ తరువాత దాని మాట ఎవరూ ఎత్తలేదు.

సముద్రాల పుస్తకం

పటం ఒక్కటి చాలదని ఆయనకు అనుభవం మీద తెలిసింది. పటంలో జాగా తక్కువ. నీటి బావి, విరిగిన బురుజు, నీళ్లలో దాగిన బండ అన్నీ అందులో పట్టవు. మన కోస్తా జిల్లాల్లో వేటకు పోయేవాళ్లు ఒడ్డున తాటిచెట్టు, గుడి గోపురం గుర్తు పెట్టుకొని తిరిగి వస్తారు గదా. అటువంటి గుర్తులన్నీ ఒక్కచోట చేరిస్తే కొత్తగా వచ్చే నావికుని ప్రాణం నిలుస్తుంది. ఆ ఆలోచనతో 1521లో 'కితాబె బహ్రియ్యా' అనే గ్రంథం రాశారు. సముద్రయానపు పుస్తకం అని అర్థం.

1524లో సుల్తాను సులైమాన్ వజీరు ఇబ్రహీం పాషా ఈజిప్టుకు ప్రయాణమయ్యారు. ఓడకు దారి చూపే పని పీరీ రయీస్‌ది. దారిలో గాలివాన పట్టుకొని రోడ్స్ దీవి దగ్గర ఆగిపోవలసి వచ్చింది. మాటిమాటికీ ఈయన ఏవో కాగితాలు తీసి చూసుకోవడం వజీరు గమనించారు. అడిగి చూశారు. విషయం అర్థమయ్యాక, దీన్ని చక్కగా తిరగరాసి తెస్తే సుల్తానుకు తానే సమర్పిస్తానని ప్రోత్సహించారు. 1526లో రెండో ప్రతి తయారైంది. అందులో 200కు పైగా అధ్యాయాలు, అన్నే పటాలు. మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న రేవు రేవుకూ వివరం ఉంది. ముందుమాటగా రాసిన పద్యభాగంలో దిక్సూచి ఎలా వాడాలి, తుఫాను గుర్తులేమిటి, హిందూ మహాసముద్రంలో రుతుపవనాలు ఎలా వీస్తాయి, పోర్చుగీసువారు అక్కడికి ఎలా చేరారు అన్నీ ఉన్నాయి. ఈ పుస్తకపు చేతిరాత ప్రతులు నేటికీ ఇస్తాంబుల్, లండన్, పారిస్ నగరాల గ్రంథాలయాల్లో ఉన్నాయి. 1528లో మరో ప్రపంచ పటం గీశారు. దానిలో కూడా ఒక మూల మాత్రమే మిగిలింది.

ఎనభయ్యో పడిలో కొత్త బాధ్యత

ఇక్కడితో కథ ఆపేస్తే బాగుండేది. ఎనభై దగ్గర పడుతున్న మనిషి గెలిబోలులో మనవలతో కాలక్షేపం చేయవలసినవాడు. కాని 1547లో ఆయనకు కొత్త పదవి వచ్చింది. సూయజ్ రేవు స్థావరంగా ఎర్ర సముద్రం, హిందూ మహాసముద్రాలలోని ఉస్మానియా ఓడలన్నిటికీ అధిపతి. దానినే హింద్ కపుదాన్ అనేవారు.

ఆ పదవి ఎందుకు పుట్టిందో చెప్పాలి. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాడు. 1510లో గోవా, 1515లో హుర్ముజ్ దీవి పోర్చుగీసువారి వశమయ్యాయి. మన పెద్దలు బుడతకీచులని పిలిచింది వీళ్లనే. తమ అనుమతి చీటీ లేని ఓడ కనపడితే పట్టుకునేవారు. మిరియాల ఓడలకే కాదు, హజ్ యాత్రకు పోయే ఓడలకు కూడా వీళ్ల భయం తప్పలేదు. 1538లో ఉస్మానియా నౌకాదళం గుజరాతు దాకా వచ్చి దీవ్ కోటను ముట్టడించి, గెలవలేక తిరిగిపోయింది.

పైగా సూయజ్‌లో ఓడ కట్టడమే కష్టం. ఆ ప్రాంతంలో కలప లేదు. దూరదేశం నుంచి ఈజిప్టుకు తెచ్చి, అక్కడి నుంచి ఎడారి దాటించాలి. ఆ కట్టిన ఓడలు కూడా తెడ్లతో నడిచే పొడుగాటి ఓడలు. మధ్యధరా వంటి లోపలి సముద్రానికి చక్కగా పనికి వస్తాయి. మహాసముద్రపు కెరటాలకు, పోర్చుగీసువారి ఎత్తైన ఓడల ఫిరంగులకు అంతగా ఆగవు. ఈ సరంజామాతోనే పెద్దాయన పని మొదలుపెట్టారు. చేయి జారిపోయిన ఏడెన్ రేవును 1548 ఫిబ్రవరిలో తిరిగి గెలిచారు. గొప్ప విజయమని అందరూ మెచ్చుకున్నారు.

చివరి యాత్ర

1552లో దాదాపు 30 ఓడలతో, 850 మంది సైనికులతో సూయజ్ నుంచి బయలుదేరారు. ముందుగా మస్కట్ కోటను ముట్టడించి గెలిచారు. తరువాత హుర్ముజ్ చేరారు. పట్టణం చేతికి వచ్చింది గానీ కోట లొంగలేదు. రోజులు గడిచాయి, మందుగుండు తరిగింది. చివరికి ముట్టడి ఎత్తేశారు. అంతటితో పోక, హుర్ముజ్ ధనికులు పారిపోయి దాక్కున్న ఖిష్మ్ దీవి మీద పడి విపరీతంగా సొమ్ము దోచారు. ఆ సొమ్ముతో బస్రా చేరారు.

పెద్ద పోర్చుగీసు నౌకాదళం వస్తోందన్న వార్త బస్రాలో అందింది. గల్ఫు మూతి మూసుకుపోతే ఇక బయటపడలేరు. ఓడలు దెబ్బతిని ఉన్నాయి. బస్రా గవర్నరుతో పొసగలేదు. అప్పుడు పీరీ రయీస్ ఒక నిర్ణయం తీసుకున్నారు. మూడు ఓడల్లో సొమ్ము ఎక్కించుకొని, మిగిలిన నౌకాదళాన్ని బస్రాలోనే వదిలి బయలుదేరారు. బహ్రెయిన్ దగ్గర ఒక ఓడ పోయింది. రెండు ఓడలతో ఈజిప్టు చేరారు.

ఆయన కంటే ముందే ఫిర్యాదులు చేరాయి. నౌకాదళాన్ని దిక్కులేకుండా వదిలేశాడన్నది ఒకటి. లంచం పుచ్చుకొని హుర్ముజ్ ముట్టడి ఎత్తేశాడన్న పుకారు మరొకటి. సుల్తాను నుంచి ఆజ్ఞ వచ్చింది. 1553లో, కొందరి లెక్కలో 1554లో, కైరో నగరంలో ఆయనకు శిరచ్ఛేదం జరిగింది. వయసు ఎనభై దాటింది. తెచ్చిన సొమ్ము, సొంత ఆస్తి అన్నీ జప్తు అయి ఇస్తాంబుల్ పోయాయి.

ఆయన చేసినది తప్పా ఒప్పా? సేనాని సైన్యాన్ని వదిలి రావడం తప్పే. ఖిష్మ్ ప్రజల సొమ్ము దోచడం మరీ తప్పు. మంచివాడు గదా అని మేము దాన్ని కప్పిపుచ్చము. అయితే దాదాపు అరవై ఏళ్లు సేవ చేసిన వృద్ధునికి, అన్ని యుద్ధాలు, అంత విద్య లెక్కలోకి రాకుండా ఒక్క యాత్రకు కత్తివేటు తీర్పు కావడం న్యాయమేనా అని కూడా అడగక తప్పదు.

ఈ ప్రశ్నకు ఆ తరువాత జరిగిన సంగతే కొంత జవాబు చెబుతుంది. బస్రాలో చిక్కుకున్న ఓడలను తేవడానికి మురాద్ రయీస్ ప్రయత్నించి విఫలమయ్యారు. 1554లో సైదీ అలీ రయీస్ ప్రయత్నించారు. పోర్చుగీసువారితో పోరాటం, ఆపైన భయంకరమైన తుఫాను. మిగిలిన కొద్ది ఓడలు మన గుజరాతు తీరానికి కొట్టుకువచ్చాయి. ఆయన ఓడలన్నీ పోగొట్టుకొని, సింధు మీదుగా ఢిల్లీ చేరి హుమాయూన్ దర్బారులో ఉన్నారు. 1556లో ఆ పాదుషా మెట్ల మీద నుంచి పడి చనిపోయినప్పుడు కూడా అక్కడే ఉన్నారు. 1557లో నడకదారిన స్వదేశం చేరితే అదే సుల్తాను సులైమాన్ క్షమించి, ఉద్యోగమిచ్చి, జీతం బకాయిలు కూడా ఇప్పించారు. కొద్ది ఓడలైనా తెచ్చినవాని తల పోయింది. ఒక్కటీ తేనివానికి మన్నన దొరికింది. రాజుల దయను నమ్ముకుంటే ఇంతే మరి.

మళ్లీ వెలుగులోకి

పెద్దాయనను లోకం మరచిపోయింది. దాదాపు 375 సంవత్సరాలు గడిచాయి. సుల్తానుల పాలన పోయి టర్కీ రిపబ్లిక్ అయింది. 1929లో ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ రాజభవనాన్ని మ్యూజియంగా సర్దుతుంటే పాత కాగితాల మధ్య ఒక తోలు ముక్క దొరికింది. విప్పి చూస్తే రంగుల ఓడలు, చిలుకలు, దీవులు, సన్నని అక్షరాలు, కింద గెలిబోలు పీరీ పేరు. జర్మనీ పండితుడు పౌల్ కాలె దాన్ని పరిశీలించి లోకానికి చాటారు. 2013లో పటానికి 500 ఏళ్లు నిండిన సందర్భాన్ని యునెస్కో జరిపింది. 2017లో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. తల తీయించిన రాజ్యం ఇప్పుడు లేదు. ఆ దేశపు నౌకాదళం మాత్రం 2024లో పీరీ రయీస్ అనే పేరుగల కొత్త జలాంతర్గామిని సేవలోకి తీసుకుంది.

ఈ పటం మంచు కప్పకముందు నాటి దక్షిణ ధ్రువాన్ని చూపుతుందని, ఆకాశం నుంచి వచ్చినవాళ్లు గీశారని కొన్ని పుస్తకాలు రాశాయి. మన పిల్లలు వాటిని నమ్మవద్దు. కింది భాగంలో తీరం పక్కకు తిరిగినట్టు ఉండడం చూసి అల్లిన కథలవి. గీసినది మనిషే. ఎలా గీశాడో తానే రాసి పెట్టాడు కూడా.

మాకు తోచినది

ఇంత చెప్పిన తరువాత మాకు తోచిన మాట ఒకటి. మూడు ఓడల బంగారం ఆయన తలను కాపాడలేదు. ఆ బంగారం ఏమైందో ఎవరికీ పట్టదు. యాభై ఏళ్ల పాటు రేవు రేవునా రాసుకున్న కాగితాలు మాత్రం పేరు నిలబెట్టాయి. వాటిని చూసి ఎందరు నావికులు క్షేమంగా ఇల్లు చేరారో ఆ పరవర్దిగారుకే తెలియాలి.

మన సంఘంలో కూడా పెద్దలున్నారు. రైల్వేలో, ఓడరేవులో, లారీల మీద, కుట్టుమిషను ముందు, వైద్యంలో జీవితం గడిపినవారున్నారు. వాళ్లకు తెలిసినది ఏ పుస్తకంలోనూ లేదు. వాళ్లతోపాటే పోతుంది. పీరీకి కమాల్ రయీస్ దొరికినట్టు మన పిల్లలకు వాళ్లు దొరికారు. సాయంత్రం పూట ఒక నోటుపుస్తకం పట్టుకొని దాదా దగ్గరో నానా దగ్గరో కూర్చోండి. చెప్పినది రాసుకోండి. ఎవరు చెప్పారో ఆ పేరు కూడా రాయండి. పెద్దలు ఒక పొరపాటు చేస్తే వారి జీవితమంతా దానితోనే తూచకండి.

అల్లాహ్ మన పెద్దలకు ఆరోగ్యాన్ని, మన పిల్లలకు చదువును ప్రసాదించుగాక. ఆమీన్.